ముందు బండి, తర్వాతే కాఫీ

పోయిన ఆదివారం మా పాత జీపు చూడడానికి ఒకమ్మాయి వచ్చింది. ఆకివీడు దగ్గర చేపపిల్లల్ని పెంచి చెరువులవాళ్లకి అమ్ముతుందట. ఆ చేపపిల్లల్ని తీసుకెళ్లడానికి రెండు చక్రాల మీద నీళ్ల ట్యాంకు ఒకటి చేయించుకుంది, ఇప్పుడు దాన్ని లాగే బండి కావాలి. కొత్తది కొనే స్తోమతు లేదని గుమ్మంలోనే చెప్పేసింది. ఆ చెప్పడం నాకు నచ్చింది. కూర్చోమని, కాఫీ కలుపుతానని లేచాను.

"ఇప్పుడొద్దండి. ముందు బండి చూస్తాను, తర్వాతే కాఫీ" అంది.

వంటింటి గడప దగ్గరే ఆగిపోయాను. ఈలోగా ఆ అమ్మాయి సంచిలోంచి ఫ్లాస్కు తీసి, మూతలోకి కాఫీ వంచి, "మీరు తీసుకోండి" అని నా చేతిలో పెట్టింది.

నవ్వొచ్చింది. ఆ వెనకే ఏడుపొచ్చింది. పాపం ఆ పిల్ల తనేదో తప్పు చేశాననుకుని కంగారుపడింది. కాఫీ బాగుందమ్మా అన్నాను, ఇంకా నోట పెట్టుకోకుండానే. నా చేతిలో ఆ మూత ఉన్న కాసేపూ నేను మా ఇంట్లో లేను. బాబాయిగారి పక్కన ఉన్నాను.

ఆయన పోయి ఏడాది దాటింది. నాకు చుట్టమేం కారు. తాడేపల్లిగూడెంలో మా పుట్టింటి వెనక వీధిలో ఉండేవారు. వీధి వీధంతా బాబాయిగారనేది, నేనూ అలాగే అనేదాన్ని. ఉద్యోగం ఏం చేసేవారంటే గట్టిగా చెప్పలేను, ఏదో రైసుమిల్లులో అనుకుంటాను. గూడెంలో ఆయన్ని జనం ఎరిగింది మాత్రం ఒకే ఒక్క పనికి. ఎవరు పాత బండి కొనాలన్నా ఆయన్ని వెంటబెట్టుకు వెళ్లేవారు. మెకానిక్కా అంటే కాదు. బ్రోకరా అంటే పైసా ముట్టుకోరు. డ్రైవింగు చూస్తే, రివర్సు చెయ్యాలంటే ముందు దణ్ణం పెట్టుకునే రకం. అయినా ఆయన రానిదే ఆ వీధిలో స్కూటరు కూడా కొనేవారు కాదు.

తెల్ల చొక్కా, చంకలో మడత గొడుగు, భుజాన నైలాను తాడుకి వేలాడే ఆకుపచ్చ ఫ్లాస్కు. దూరం నుంచి చూస్తే స్కూలుకెళ్లే పిల్లాడిలా ఉండేవారు.

బండ్ల మేళాల్లో బండి చూడడం ఆయనకి సుతరామూ ఇష్టం ఉండేది కాదు. అక్కడ అన్నీ ముస్తాబై కూర్చుంటాయమ్మా, ఇంట్లో ఉన్నప్పుడు చూడాలి అనేవారు. పొద్దున్నే అమ్మేవాళ్లింటికి వెళ్లి, బండిని వదిలేసి ముందు అది పడుకునే చోటు చూసేవారు. గొంతుక్కూర్చుని నేల మీద నూనె మరకలున్నాయా అని వెతికేవారు. తర్వాత బానెట్టు మీద అరచెయ్యి ఆనించేవారు, పసిపిల్లకి జ్వరం చూసినట్టు. వెచ్చగా తగిలిందంటే ఇక ఆ పూట బేరం లేదు. మనం వస్తున్నామని తెలిసి ముందే వేడెక్కించి ఉంచారంటే, చల్లగా ఉన్నప్పుడు అది మొరాయిస్తుందన్నమాట. ఆ మాట పైకి అనరు. "ఇవాళ తిథి బాగోలేదండీ, మళ్లీ వస్తాం" అంటారు.

బండి ఎందుకు అమ్ముతున్నారని ఎవర్నీ అడగలేదు. ఎందుకని అడిగితే అందరి దగ్గరా జవాబు సిద్ధంగా ఉంటుందట. "ఇది ఇచ్చేశాక మీరు దేని మీద తిరుగుతారండీ?" అని అడిగేవారు, నిజంగా వాళ్ల గురించి బెంగ పెట్టుకున్నట్టు. ఆ ప్రశ్నకి ఎవరూ సిద్ధపడి ఉండరు. అవతలివాళ్లు ఆలోచించుకునే ఆ కాస్త వ్యవధిలో ఆయనకి కావలసింది ఆయనకి తెలిసిపోయేది.

ఇంకొకటుంది. ఆయన బండిని మెచ్చుకున్నారంటే మనం చెప్పులు వేసుకోవచ్చు. "మహాలక్ష్మిలా ఉందండీ బండి" అన్నారంటే అందులో పనికొచ్చే భాగం ఒక్కటీ లేదని అర్థం.

ఇక కాఫీ సంగతి. అమ్మేవాళ్లింట్లో ఆయన మంచినీళ్లు కూడా పుచ్చుకోరు. అదేవిటండీ, మంచినీళ్లకేముంది అంటే, మంచినీళ్లతోనే మొదలవుతుందమ్మా అనేవారు. మన వైపు సంగతి తెలిసిందే. గుమ్మం ఎక్కితే కాఫీ, కాఫీ తాగితే టిఫిను, టిఫిను తింటే భోంచేసి వెళ్లమని చెయ్యి పట్టుకుంటారు. వాళ్ల చేతి వంట తిని, ఆ ఇల్లాలు విసురుతున్న విసనకర్ర గాలి పీల్చుకుని, మీ బండికి ఇంజను పోయిందండీ అని ఏ నోటితో అంటాం? మొహమాటంతో బండ్లు కొన్నవాళ్లు గోదావరి జిల్లాల్లో ఇంటికొకరు ఉంటారని నా నమ్మకం. అందుకే బాబాయిగారు తన ఫ్లాస్కు తను తెచ్చుకునేవారు. అంతటితో ఆగేవారు కాదు. మూత విప్పి మొదటి కప్పు అమ్మేవాళ్లకే ఇచ్చేవారు. మొహమాటమనేది ఎటో ఒకవైపు పుట్టక తప్పదు, అది వాళ్ల వైపు పుడితే మంచిదని ఆయన లెక్క.

ఇదంతా ఆయనకి ఊరికే అబ్బిన జ్ఞానం కాదు. ఆయన పెరట్లో, బీరపాదు పందిరి కింద, ఒక జీపు ఉండేది. పిన్నిగారిని తీర్థాలు తిప్పాలని వయసులో ఉండగా భీమవరం వైపు ఏదో ఊళ్లో చూసి కొన్నారు. అంతకుముందు ఆ అమ్మినవాళ్లు దానికి ఇటుకల ట్రాలీ కట్టి లాగించేవారట. స్టార్టు చేసినప్పుడే ఆయనకి అర్థమైందట ఇది మనకి పనికిరాదని. కానీ అప్పటికే వాళ్లింట్లో అల్లం పెసరట్టు మీద ఉప్మా వేసి పెట్టారు. "మూడో అట్టు వడ్డించేటప్పటికి అమ్మకం అయిపోయిందమ్మా, నాకే ఆలస్యంగా తెలిసింది" అనేవారు. ద్వారకా తిరుమల వెళ్తుంటే ఆ కుదుపులకి పిన్నిగారు సగం దారిలో దిగిపోయి బస్సెక్కేశారు. ఆ రోజు నుంచీ అది పెరట్లోనే. వీధంతా దాన్ని పెసరట్టు అనేది. అయినా ప్రతి ఆదివారం దాన్ని స్టార్టు చేసి, పేపరు చదివినంతసేపూ ఇంజను నడవనిచ్చి ఆపేవారు. కాగితాలు ఎప్పటికప్పుడు రెన్యువలు చేయించుకునేవారు. ఎందుకు బాబాయిగారూ అంటే, చెడ్డదైనా మనది కదమ్మా అనేవారు.

ఆయనతో నాకు అసలు పని పడింది మా ఆయన ఉద్యోగం మానేసి వచ్చాక. మా ఆయన జనరేటర్ల మెకానిక్కు. దూరాన ఒక కంపెనీలో చేసేవాడు. నెలకోసారి వచ్చి, పిల్లలు దగ్గరికి చేరేలోపు మళ్లీ వెళ్లిపోయేవాడు. నాకు విసుగెత్తింది. ఇద్దరం ఆలోచించుకుని, దాచుకున్నదంతా పెట్టి, రెండు చక్రాల బండి మీద బిగించిన పెద్ద జనరేటరు ఒకటి కొని, ఏలూరులో కైకలూరు రోడ్డు వైపు ఇల్లు తీసుకున్నాం. కొల్లేటి చుట్టూ చేపల చెరువులే. మబ్బు పట్టిన పొద్దుట నీళ్లలో గాలి తగ్గి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. అదే సమయానికి కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే రైతు ఏడాది కష్టం తెల్లగా తేలిపోతుంది. అప్పుడు జనరేటరు అద్దెకి తీసుకెళ్లాలి. మంచి ఆలోచనే. మేం మర్చిపోయిందల్లా, దాన్ని తీసుకెళ్లేదెవరు అన్నది.

అద్దె ట్రాక్టరు మాట్లాడుకున్నాం. ఒక మబ్బురోజు కొల్లేటికోట వైపు నుంచి రైతు ఫోను చేశాడు. ట్రాక్టరాయన పెళ్లికి వెళ్లాడు. ఇంకొకర్ని బతిమాలి తీసుకెళ్లేసరికి చెరువు నిండా తెల్లటి పొట్టలు. ఆ రైతు తిట్టలేదు. "పర్లేదులెండి, మీరేం చేస్తారు" అని నెమ్మదిగా అన్నాడు. మళ్లీ మమ్మల్ని పిలవలేదు. తిట్టి ఉంటే పిలిచేవాడు. మెల్లగా మిగతావాళ్లూ తగ్గారు. కంపెనీవాళ్లు వెనక్కి రమ్మని కబురు పెట్టారు, నెలాఖరులోగా చెప్పమన్నారు. సొంతానికి లాగే బండి ఒకటి ఉంటే ఆయన ఇక్కడుంటాడు, లేకపోతే వెళ్లిపోతాడు. అంతే సంగతి. మా దగ్గర మిగిలినదానికి పాత బండి రావడమే ఎక్కువ.

గూడెం వెళ్లి బాబాయిగారి గుమ్మంలో నిలబడ్డాను. నా మొహం చూసి, ఫ్లాస్కు కడగమని లోపలికి చెప్పారు.

మొదట ఏలూరులోనే చూశాం. ఏడుగురు కూర్చునే బండి, తెల్లగా మెరిసిపోతోంది. ఆ ఇంటాయన మర్యాదస్తుడు, లోపల్నుంచి పళ్లెంలో బొబ్బట్లు వచ్చాయి. మా ఆయన చెయ్యి పళ్లెం దాకా వెళ్లింది. బాబాయిగారు గొడుగు కొనతో ఆయన మోకాలు తాకి, ఉదయం పూట తీపి పడదండీ మా అల్లుడుగారికి అన్నారు. అని, తన ఫ్లాస్కు విప్పి ఆ ఇంటాయనకి కాఫీ ఇచ్చారు. ఆయన వద్దనలేక తీసుకున్నాడు. వానల గురించి, పిల్లల కాలేజీల గురించి మాట్లాడుకున్నారు. కాఫీ అడుగుకొచ్చింది. ఆ ఇంటాయన ఖాళీ మూతలోకి చూస్తూ, "లోడు పడితే మూడో గేరు జారిపోతుందండీ" అన్నాడు.

"అలాగాండీ. బండి మాత్రం మహాలక్ష్మిలా ఉందండీ" అన్నారు బాబాయిగారు. ఇద్దరూ దణ్ణాలు పెట్టుకుని విడిపోయారు. ఏ మనసూ నొచ్చుకోలేదు. నాకైతే గారడీ చూసినట్టుంది.

తర్వాత చూసినదానికి కింద అంతా తుప్పు. చేపలు మోసిన బండి, ఐసు నీళ్లు కారి కారి అడుగు తినేసింది. పైన రంగు వేశారుగానీ కింద ఎవరు చూస్తారనుకున్నారు. ఇంకొకటి బానెట్టు వెచ్చగా ఉంది. చింతలపూడిలో ఆయిల్‌పామ్ రైతు దగ్గర జీపు చూశాక నా ప్రాణం లేచొచ్చింది. మొక్కలకి నీళ్ల ట్యాంకరు కట్టి లాగుతున్నారు, మా కళ్లముందే ఎత్తు మీదకి ఆడుతూ పాడుతూ లాగింది. దిగేటప్పుడు మాత్రం ట్యాంకరే జీపుని ముందుకు తోసుకొచ్చింది. బాబాయిగారు చూసి తల అడ్డంగా ఊపారు. లాగడం అన్నీ లాగుతాయమ్మా, వెనక ఉన్నదాన్ని ఆపగలదా అన్నదే చూడాలి అన్నారు. చెరువు గట్టు మీద ముందుకీ వెనక్కీ తప్ప తిరగడానికి చోటుండదు, ఆగకపోతే నీళ్లలోకే.

ఏలూరు తిరిగొచ్చే బస్సులో నాకు ఒళ్లు మండిపోయింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, మా వాళ్లందరికీ తెలుసు. నెలాఖరు దగ్గరకొచ్చేసింది. మీకు ఏ బండీ నచ్చదు బాబాయిగారూ, ఇంతమందికి ఇన్ని వంకలు పెట్టినవారు ఆ పెసరట్టు బండిని ఎలా తెచ్చుకున్నారని అనేశాను. మా ఆయన కిటికీలోంచి బయటికి చూడడం మొదలెట్టాడు.

బాబాయిగారు నొచ్చుకోలేదు. పాత గాయం గురించి చెప్పుకునేవాళ్లలా చెప్పడం మొదలుపెట్టారు. దాన్ని స్పీడు నలభై దాటించలేమమ్మా. పికప్పు లేదు. ఎంతసేపూ మొదటి గేరూ రెండో గేరే దాని బతుకు. ఖాళీగా పోతే ఎగిరెగిరి పడుతుంది, వెనక బరువుంటేనే కుదురుగా ఉంటుంది. ఆయన చెబుతుంటే నేను వింటున్నాను. కాసేపటికి నేను వినడం మానేసి మా ఆయన వైపు చూశాను. ఆయన అప్పటికే కిటికీ వదిలేసి నా వైపు చూస్తున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం రైల్లో గూడెం వెళ్లాం. బాబాయిగారు అరుగు మీద పేపరు చదువుతున్నారు. పిన్నిగారు ఎదురొచ్చి కాఫీ తెస్తానన్నారు. వద్దండి, ముందు బండి చూస్తాం, తర్వాతే కాఫీ అన్నాను. సంచిలోంచి మా ఇంటి ఫ్లాస్కు తీసి, మూతలో పోసి, బాబాయిగారి చేతికిచ్చాను.

ఆయనకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. దాని సంగతి తెలిసి తెలిసి నీకెలా అంటగడతానమ్మా, నేను చచ్చినా చెయ్యను అన్నారు. తాగండి ముందు అన్నాను. మొహమాటపడి తాగారు. తాగాక చెప్పక తప్పదు కదా.

"పికప్పు లేదమ్మా. స్కూలు పిల్లల సైకిళ్లు దాటిపోతాయి."

"వెనక జనరేటరుతో నేనెవర్ని దాటాలి బాబాయిగారూ?"

"నలభై దాటితే స్టీరింగు వణుకుతుంది."

"గట్టు మీద ఇరవై దాటితే చెరువులో ఉంటాం."

"కింద స్ప్రింగులు, ఆ కమాన్ కట్టలు, మరీ బిర్రు. మనిషన్నవాడు కూర్చోలేడు. మీ పిన్ని దిగిపోయింది."

"బరువు లాగేదానికి అలాగే ఉండాలండీ" అన్నాడు మా ఆయన. ఇన్ని ఊళ్లు తిరిగినా బేరంలో ఆయన నోరు విప్పింది అప్పుడే.

"బ్రేకులు మాత్రం," అన్నారు బాబాయిగారు, అని ఆగిపోయారు. "బ్రేకులు మాత్రం మంచివేనమ్మా. ఇటుకలు లాగిన బండి కదా."

ఆ మాట ఆయనకే కొత్తగా వినిపించినట్టుంది. మూత అరుగు మీద పెట్టి, లేచి, పెరట్లోకి వెళ్లి, బీరతీగల్ని ఒక్కొక్కటే జీపు మీంచి విడదీయడం మొదలుపెట్టారు. మేమూ వెళ్లి సాయం పట్టాం. మా ఆయన అలవాటుగా బానెట్టు మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది. తాళం తిప్పగానే అందుకుంది. వీధి చివర ఇల్లు కడుతున్నవాళ్లని అడిగి, వాళ్ల కాంక్రీటు కలిపే మిల్లరు వెనక తగిలించి, కాలవ వంతెన ఎక్కించాడు, దించాడు, వాలులో ఆపాడు. ఆగింది. అక్కణ్ణుంచి వీధి పొడుగునా రివర్సులోనే నడిపించుకుంటూ వచ్చాడు. అరుగుల మీదకి జనం వచ్చి చూశారు. ఏళ్ల తరబడి వేళాకోళం చేసినవాళ్లే.

పిన్నిగారూ, ఇప్పుడు కాఫీ ఇవ్వండి అన్నాను. ఆవిడ లోపలికి వెళ్తూ కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ధర దగ్గర ఆయనతో వేగలేకపోయాను. పాత ఇనుప సామాన్లవాడు ఇచ్చేదానికన్నా ఎక్కువ తీసుకుంటే పాపమంటారాయన. చివరికి పిన్నిగారే కల్పించుకుని తేల్చారు. అది మాకు అందే ధరే.

తర్వాతి మబ్బురోజు కొల్లేటికోట వైపే పిలుపు వచ్చింది, పక్క చెరువువాళ్లది. బాబాయిగారు ముందురోజే వచ్చి మా ఇంట్లో ఉన్నారు. జీపు కంటే ముందు తనే గొడుగేసుకుని గట్టు మొదట్లో నిలబడ్డారు. జిగురుమట్టి గట్టు, రెండు పక్కలా నీళ్లు. పెసరట్టు బండి మూలుగుతూ, నత్తలా, జనరేటరుని చివరిదాకా లాక్కెళ్లి కదలకుండా నిలబడింది. ఏరియేటర్లు తిరగడం మొదలెట్టాయి. నోళ్లు తెరుచుకున్న చేపలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. నీళ్లు మళ్లీ నీళ్లలా కనిపించాయి.

"అల్లుడుగారూ, ఇది లాగుతోందండీ" అన్నారాయన. పరీక్ష తప్పుతూ వచ్చిన కొడుకు పాసయ్యాడని విన్నప్పుడు తండ్రి గొంతు అలా ఉంటుంది. గొడుగు పక్కకి వాలిపోయి జల్లులో తడుస్తున్నారు, ఆయనకి తెలియనే లేదు. పక్క చెరువు గట్టు మీద, మమ్మల్ని పర్లేదులెండి అని పంపేసిన రైతు నిలబడి చూస్తున్నాడు. మర్నాడు ఫోను చేశాడు. మా ఆయన కంపెనీకి రానని కబురు పెట్టేశాడు.

ఆ తర్వాత బాబాయిగారు ఎప్పుడు ఏలూరు వచ్చినా ముందు జీపు నిలిపిన చోటు వంగి చూసి, తర్వాతే మమ్మల్ని పలకరించేవారు. ఆయన పోయినప్పుడు గూడెం ఆ జీపులోనే వెళ్లాం. పెరట్లో బీరపాదు పందిరి కింద నేల మీద నూనె మరక ఒక్కటి కూడా లేదు. అంత మంచి బండిని అన్నాళ్లూ సిగ్గుపడుతూ దాచుకున్నారే అని ఏడ్చాను.

ఇప్పుడు మాకు రెండు జనరేటర్లు. రెండోది మరీ బరువు, దానికోసం పెద్ద బండి తీసుకున్నాం. రెండు బండ్లు పెట్టుకునే చోటు లేదు, అందుకే ఈ అమ్మాయి మా గుమ్మంలో ఉంది.

కాఫీలో పంచదార ఎక్కువైంది. అయినా అడుగుదాకా తాగాను. తాగాక చెప్పకుండా ఉంటానా. నలభై దాటితే వణుకుతుందమ్మా అన్నాను. పికప్పు లేదు, సైకిళ్లు దాటిపోతాయి. ఎడమ వైపు అద్దం పైకి రాదు. మనిషన్నవాడు సుఖంగా కూర్చోలేడు. బ్రేకులు మాత్రం మంచివి. అన్నీ వరసగా చెప్పేశాను, ఆయన గొంతు నా నోట్లో ఉన్నట్టే.

ఆ అమ్మాయి బయటికి వెళ్లి, జీపు నిలిపిన చోట గొంతుక్కూర్చుని నేల చూసింది. బానెట్టు మీద అరచెయ్యి ఆనించింది. వెనక ట్రాలీ తగిలించే హుక్కు పట్టుకుని ఊపింది. కాసేపు మా ఆయనతో కలిసి కాలవ దాకా నడిపించి తెచ్చింది. దిగి, నా వైపు చూసి, "ఇది ఇచ్చేశాక మీరు దేని మీద తిరుగుతారండీ?" అంది.

ఇవన్నీ నీకెవరు నేర్పారమ్మా అని అడిగాను. వాళ్ల మావయ్య చెప్పాడట. గూడెంలో ఎవరో ఒకాయన ఉండేవారట, బండి చూడ్డానికి వెళ్తే ఇలాగే చేసేవారట. తను ఎప్పుడూ చూడలేదంది. చెప్పబోయాను. మళ్లీ, ముందు పిల్ల బేరం తేల్చుకోనీ అనుకుని ఊరుకున్నాను.

ఆ అమ్మాయి వచ్చి అరుగు మీద కూర్చుంది. ఫ్లాస్కు మూత బిగించి సంచిలో పెట్టేసుకుంది.

"ఇప్పుడు కాఫీ ఇవ్వండి" అంది.

లోపలికి వెళ్లి పెనం పొయ్యి మీద పెట్టాను. ఆ బండి ఎవరి చేతికి వెళ్లినా ఆకలితో పంపకూడదని ముందురోజే పెసలు నానబోశాను. ఆ సంగతి అప్పటిదాకా బయటపెట్టలేదు. పెడితే బాబాయిగారు ఒప్పుకోరు.